పన్నెండింటిలో ఒకటి

ఆరు వైన్ సీసాలు బాగానే ఉన్నాయి. ఏడోదాని కార్క్ లాగగానే సొలాంజ్ చెయ్యి ఆగిపోయింది, సీసా ఇంకా ముక్కు దాకా రానే లేదు, అయినా తెలిసిపోయింది, వానకు నానిన అట్టపెట్టె కంపు, తడిగుడ్డను బకెట్లో మరిచిపోయి సెలవులకు వెళ్లొస్తే ఇంట్లో అడుగుపెట్టగానే కొట్టే కంపు. సన్నగానే ఉంది. మామూలు మనిషైతే గ్లాసుడు తాగి ఏదో తేడాగా ఉందే అనుకుని ఊరుకుంటాడు, కానీ పీపాల మధ్య పెరిగిన ముక్కుకి ఇది చెంప మీద కొట్టినట్టే. రెండు చుక్కలు గ్లాసులో పోసి తిప్పింది, అనుమానం తీర్చుకోవడానికి కాదు, ఆ వాసన నిజంగానే తన చేతికి దొరికిందన్న నమ్మకం కుదరడానికి. వంద సీసాల్లో రెండో మూడో ఇలా కార్క్ పట్టి పాడవుతాయి, అందుకే గంట ముందు అన్నీ తీసి, వాసన చూసి, చెడ్డదాన్ని పారబోసే పని సొలాంజ్‌ది, ఆగస్టు నుంచి యాత్రికుల ఓడ రేవులో ఆగిన ప్రతి రోజూ ఆ పని చేస్తూనే ఉంది. ఇవాళ మాత్రం పారబొయ్యలేదు. మెడ తుడిచి, ఆరోదానికీ ఎనిమిదోదానికీ మధ్య దాని చోట్లో దాన్ని నిలబెట్టింది. ఇన్నాళ్లకు దొరికావురా అమోరీ అనుకుంది.

పదకొండు కావస్తోంది, పన్నెండింటికి వాళ్లొస్తారు. తెరిచిన తలుపులోంచి సందు చివర ఓడ కనిపిస్తోంది, పొద్దున పోటుతో పాటు గరోన్ నదిలో పైకొచ్చి రేవుకు ఆనుకుంది, నది కనిపించాల్సిన చోట తెల్లటి బాల్కనీలు, ఒక బాల్కనీలో స్నానాల కోటు వేసుకున్న ముసలాయన బొర్దో ఊరంతా తన పెరడైనట్టు కాఫీ తాగుతున్నాడు. తాగనీ పాపం, సాయంత్రం పోటుకు వెళ్లిపోతాడు, ఆయన మీద సొలాంజ్‌కి కోపమేం లేదు. కోపమంతా వాళ్లను వెంటబెట్టుకుని రాబోయే మనిషి మీద. అమోరీ క్లూవెర్, ఓడవాళ్ల వైన్ పండితుడు, నీలం కోటు, జేబులో పట్టు రుమాలు, ఇది మా తాతల కొట్టు, ఎనిమిది తరాలుగా ఇక్కడే పీపాలు నింపాం అని ప్రతి గుంపుకీ గొంతు తగ్గించి చెప్తాడు, ఆ కొట్టును అమ్ముకుని పదహారేళ్లయిందని మాత్రం చెప్పడు. కొన్న బయటివాళ్లు పీపాలు తీసేసి, గోడలకు పసుపు దీపాలు పెట్టి, యాత్రికులకు వైన్ రుచి చూపించడానికి మధ్యలో పొడుగాటి బల్ల వేశారు. ఆ బల్ల ఉన్న చోటే అప్పట్లో మూడో వరస పీపాలుండేవి, ఇక్కడ పనిచేసిన రోజుల్లో ఆ వరసకు వారానికి రెండుసార్లు సొలాంజ్ పై దాకా వైన్ నింపేది, గాలి చొరబడకుండా. రెండు నెలల్లో అమోరీ ఒక్కసారి కూడా వైన్ పోసే ఆడమనిషి ముఖం వైపు చూడలేదు. జుట్టు నెరిసింది, ఒళ్లొచ్చింది, గుర్తు పట్టలేదులే అనుకుంది మొదట్లో. తర్వాత ఆవిడకు ఇంకోటి అర్థమైంది, ఆ మనిషికి ముక్కు పనిచెయ్యడం లేదు.

సెప్టెంబరులో, వెనక వంటింట్లో పనిపిల్ల నదేజ్ కనెలే కేకులు పెట్టి ఫోన్లో మునిగిపోయింది, చక్కెర మాడి నల్లగా బొగ్గయ్యేసరికి ఆ ఘాటుకు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలలు తిప్పారు, ఒకావిడ దగ్గింది కూడా, అమోరీ ఒక్కడే గ్లాసులో ముక్కు పెట్టి వయొలెట్ పువ్వులు, దేవదారు పెట్టె అంటూ వైన్‌లో వాసనల పాఠం చదువుతున్నాడు. పొగ కళ్లకు కనబడ్డాకే ఆగాడు. అప్పటి నుంచి సొలాంజ్ వాడిని కనిపెట్టి చూసింది. సీసా మీద పేరు చదివాకే నోరు తెరుస్తాడు, ముక్కు గ్లాసులో అవసరానికి మించి ఉంచుతాడు, మెడిసిన్ షాపు ముందు నిలబడి చీటీ చదువుకుంటున్నవాడిలా ఉంటుంది ఆ ముఖం. ఆ పూట ఇంటికి వెళ్తూ ట్రామ్‌లో తనలో తను నవ్వుకుంది, పక్క సీటువాడు లేచి వేరే చోట కూర్చున్నాడు.

ఇక ఇవాళ. సీజన్లో ఆఖరి ఓడ కాబట్టి పీపాల పనివాళ్ల సంఘం నుంచి ముగ్గురు పెద్దలు ఎర్ర అంగీలు తొడుక్కుని వస్తున్నారు, నలభై మంది యాత్రికుల్లో ఐదుగురికి భుజం మీద ద్రాక్షతీగతో తట్టి సంఘంలో కలుపుకున్నట్టు నాటకం ఆడతారు, ఫోటోలు దిగుతారు. నాటకమే గానీ ఆ అంగీల్లో ఉన్న ముక్కులు నాటకం కాదు. ముందు నడిచేవాడు ఫెర్నాన్ లకాజ్, ఎనభయ్యేళ్లు, ఒకప్పుడు ఇదే కొట్టులో పీపా నుంచి పీపాకు వైన్ మార్చేవాడు, సొలాంజ్ నాన్న కింద. ఏడో సీసా ఫెర్నాన్ గ్లాసులోకి వెళ్తుంది, అమోరీ గ్లాసులోకి వెళ్తుంది. అమోరీ కళ్లు మూసుకుని వయొలెట్లు, దేవదారు అంటాడు. ఫెర్నాన్ గ్లాసు దించుతాడు. ఆ తర్వాత జరిగేది సొలాంజ్ వారం నుంచి రోజూ వండుకుంటూ, గిన్నెలు కడుక్కుంటూ మనసులో వేసుకుంటున్న బొమ్మే, అమోరీ చెవులు ఎర్రబడటం, రుమాలు తియ్యడం, సాయంకాలానికి ఈ షార్ట్రాన్ పేట వీధుల్లో ప్రతి బారులో ఈ కథే. పేరు పోవడమంటే ఏమిటో వాడికీ ఒకసారి తెలియాలి. కడుపు చల్లబడుతుంది.

పేరు. ఊళ్లో సొలాంజ్ లారియు అంటే ఎవరికీ తెలియదు, జావెల్ సొలాంజ్ అంటే తెలుస్తుంది. జావెల్ నీళ్లు, అదే బ్లీచింగ్ నీళ్లు, పీపాల కొట్టు గడప తొక్కకూడదన్నది ఇక్కడ పిల్లలకు నడక కన్నా ముందు నేర్పే సంగతి. అది చెక్కకు తగిలి, చెమ్మకు తగిలి, బూజుతో కలిసి నెలల తర్వాత వైన్‌లోకి ఎక్కుతుంది, ఎక్కితే పీపాకు పీపా అట్టపెట్టె కంపు, ఎంత కడిగినా గోడల్లోంచి పోదు. నాన్న ఇంట్లో కూడా జావెల్ ఉండనిచ్చేవాడు కాదు, బట్టలకు అంటుకుని కొట్టులోకి వస్తుందని, అమ్మ దుప్పట్లు తెల్లగా కావాలంటే పక్కింట్లో నానబెట్టుకునేది, దొంగసరుకులా. అలాంటి ఇంట్లో పుట్టింది. అలాంటిది ఆ జూన్ బుధవారం, సెలవు తర్వాత రోజు, పొద్దున ఏడింటికి తాళం తీసేసరికి ఈతకొలనులో అడుగుపెట్టినట్టు ఘాటు. నల్లటి బూజు గోడలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మూల ఖాళీ డబ్బాలు నాలుగు. ఆదివారం అమోరీ నిశ్చితార్థపు విందు ఇక్కడే, పెళ్లికూతురి వైపువాళ్లు పారిస్ నుంచి వస్తున్నారు, బూజు చూసి ఏమనుకుంటారోనని బాబుగారు తన చేత్తో కడిగేశాడు. అడిగితే మొహం తెల్లబోయింది, ముప్ఫయ్యేళ్ల మగాడు చేతులు పట్టుకున్నాడు, నాన్న చంపేస్తాడు సొలాంజ్, ఎవరికీ చెప్పకు, గాలికి పోతుందిలే అన్నాడు. పోదని తెలిసీ సరే అంది. ఎందుకంది. ఇరవయ్యేడేళ్లుగా ఆ సరే దగ్గరే ఆగిపోతుంది, జాలా, ఆ పట్టుకున్న చేతుల వెచ్చదనమా, నీ వల్లే గట్టెక్కాను అని ఒక క్లూవెర్ అంటే వినాలని ఆశా. డబ్బాలు తన అల్మారాలో దాచింది. మూడు రోజులు నీళ్లు పోసి పోసి కడిగింది, అది ఇంకా తప్పు, చెమ్మ పెరిగింది.

మరుసటి మార్చిలో పీపాలు రుచి చూశారు. ముప్ఫై రెండు పీపాలు. అమోరీ తండ్రి పెద్ద క్లూవెర్ ఒక్కో గ్లాసూ రుచి చూసి ఉమ్మి, మిగతాది నేల మీద పోస్తూ వరస చివరి దాకా వెళ్లాడు. అల్మారా తెరిపించారు, డబ్బాలు దొరికాయి. అమోరీ బూట్ల వైపు చూసుకుంటూ, ఈవిడ దగ్గర ఆ వాసన ఎప్పుడూ వచ్చేదే అన్నాడు. అయినా అప్పటికి కూడా మించిపోయిందేమీ లేదు, పెద్దాయన సందేహంగానే చూస్తున్నాడు, అప్పుడు నాన్న ముందుకొచ్చాడు, గాస్తోన్ లారియు, కొట్టు మేస్త్రీ, నలభయ్యేళ్ల పేరు, పదకొండు మంది పనివాళ్ల ఎదుట కన్నకూతుర్ని, నువ్వు పోశావా, అని అడిగాడు. అంతే, ఆ మాట అడిగాక ఇంక ఎవరూ ఏమీ అడగలేదు, తండ్రికే అనుమానముంటే మాకేంటని. లేదు నాన్నా అంది. ఆయన తల దించుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు, ఆదివారాలు కలిసి భోంచేశారు, చారు చివర ఇక్కడి పాతవాళ్ల అలవాటు ప్రకారం గిన్నెలో వైన్ పోసుకుని ఎత్తి తాగేవాడు, బాగుందా నాన్నా అంటే బాగుందనేవాడు, ఆ విషయం మాత్రం ఎత్తలేదు. నమ్మకుండానే పోయాడు. అమోరీ మీద పగలో సగం దానికే. ఉద్యోగం పోయింది సరే, ఊళ్లో ఏ కొట్టూ మళ్లీ తలుపు తియ్యలేదు సరే, ఇరవై రెండేళ్లు బడి భోజనశాలలో నేలలు తుడిచింది, జావెల్‌తోనే, చేతులు పగిలిపోయేలా, అదీ సరే. తండ్రి నమ్మకం తిన్నవాడిని వదలడం మాత్రం ఎలా.

సెయింట్ లూయీ చర్చి గంట పదకొండున్నర కొట్టింది. మిగతా ఐదు సీసాలూ తీసింది, బాగున్నాయి. గ్లాసులు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది, ఒకదాని మీద వేలిముద్ర ఉంటే తుడిచింది. మళ్లీ ఏడోదాని దగ్గరికే వచ్చింది. దాన్ని పట్టుకుని పొయ్యడం ఎలా ఉంటుందో చూద్దామని మెడ పట్టుకుని వంచినట్టు చేసింది, చెయ్యి అలవాటుగా వంగలేదు. ఇంకోసారి చేసింది. ఫెర్నాన్ గ్లాసులో చెడ్డ వైన్ పోసేది ఎవరు, సొలాంజ్. ఎవరి చెయ్యి, ఈ చెయ్యే. అమోరీ ఏం చెప్పాడో, ఊరు ఏమందో, నాన్న ఏం అడిగాడో, అదే పని, అచ్చంగా అదే పని, కంపు కొట్టే వైన్‌ను తెలిసి తెలిసి తన చేత్తో తను. ఇరవయ్యేడేళ్లు వాళ్లన్న అబద్ధాన్ని ఇవాళ తనే నిజం చేసి చేతిలో పెట్టబోతోంది. అదిగో అప్పుడే అనుకున్నాం అనరూ. ఒళ్లు మండిపోయింది, అమోరీ మీద కాదు, తన చేతి మీద. పాడు చెయ్యి, అసలు పనికొచ్చే రోజునే పౌరుషం గుర్తొచ్చింది దీనికి. సీసాను సింకులో బోర్లించి గటగటా పోసేసింది. పెట్టెలోంచి అదనపు సీసా తీసి, తెరిచి, వాసన చూసింది. బాగుంది. ఏడో చోట్లో పెట్టింది. పన్నెండూ శుభ్రం. ఏడుపొచ్చింది, సింకులో నీళ్లు వదిలి ఆ చప్పుడులో కాస్త ఏడ్చింది.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు. అమోరీ. ఒక్కడే, పావుగంట ముందు, రుమాలు చేతిలో నలుపుతూ.

"సొలాంజ్" అన్నాడు. పేరు పెట్టి. అంటే మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట, రెండు నెలలు గోడను చూసినట్టు చూశాడన్నమాట. "నీతో ఒక మాట. నాకు వాసన తెలియడం లేదు. రెండేళ్లయింది, జ్వరం వచ్చిపోయింది, దాంతో పాటు పోయింది. కాఫీకీ వేణ్ణీళ్లకీ తేడా తెలియదు."

ఆవిడ చేతులు తుడుచుకుంటోంది.

"ఇన్నాళ్లూ ఓడవాళ్లతో నెట్టుకొచ్చాను. ఇవాళ ఫెర్నాన్ వాళ్లున్నారు. వీటిలో పాడైనదేమైనా ఉంటే నాకు సైగ చెయ్యి, చాలు. నీ ముక్కు నాకు తెలుసు. నీ చేత్తో చెడ్డది పొయ్యవనీ తెలుసు."

తెలుసట. ఎంత తేలిగ్గా అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. నీ చేత్తో చెడ్డది పొయ్యవనీ తెలుసు. ఈ ఒక్క వాక్యం ఆ మార్చిలో అని ఉంటే. ఏడ్చిన కళ్లు ఆరిపోయాయి, లోపల ఏదో గట్టిపడింది, నెమ్మదిగా, తియ్యగా కూడా. జీవితంలో మొదటిసారి వాడిని ఏకవచనంలో పిలిచింది.

"పన్నెండింటిలో ఒకటి పాడైంది అమోరీ. ఏదో నాకు తెలుసు. నీకు తెలియదు."

"ఏది?"

"ముందు ఆ ముగ్గురికీ చెప్పు, కొట్టు జావెల్‌తో కడిగింది ఎవరో. మొదటి గ్లాసు ఎత్తకముందే. చెప్పావా, మంచివే పోస్తాను. చెప్పకపోతే ఏది నీ గ్లాసులో పడుతుందో చూసుకో. నువ్వు మాత్రం కనిపెట్టలేవు."

వాడు సీసాల వరస వైపు చూశాడు. పన్నెండూ ఒకేలా ఉన్నాయి, పన్నెండూ ఒకేలా బాగున్నాయి, ఆ సంగతి సింకుకూ సొలాంజ్‌కూ తెలుసు. నుదుటి మీద చెమట పట్టింది వాడికి, రుమాలు చేతిలోనే ఉన్నా తుడుచుకోవడం మరిచాడు. ఆ చెమట చూడటం ఎంత బాగుందో, సొలాంజ్‌కి తన మీద తనకే కాస్త భయమేసింది, అయినా చూపు తిప్పుకోలేదు, ఒక్కో చుక్కా కనుబొమ దాకా జారేదాకా చూసింది. ముసలివాళ్లం అయ్యాం, ఇప్పుడెందుకు అని గొణిగాడు. ఇప్పుడే అంది. బయట సందులో యాత్రికుల మాటలు, చక్రాల కుర్చీ రాళ్ల మీద కటకటలాడటం వినిపించాయి.

లోపలికొచ్చారు. టోపీలు, ఫోన్లు, సన్‌స్క్రీన్ వాసన, అక్టోబరులో సన్‌స్క్రీన్. ఎర్ర అంగీలు తలుపు దగ్గర కాస్త ఇరుక్కున్నాయి, నలభై ఫోన్లు పైకి లేచాయి. ఫెర్నాన్ కర్ర పట్టుకుని బల్ల దాకా వచ్చి, సొలాంజ్‌ని చూసి గడ్డం ఊపాడు, పలకరింపు అంతే. సొలాంజ్ మొదటి సీసా ఎత్తింది, పొయ్యలేదు, ఎత్తి పట్టుకుని నిలబడింది. అమోరీ సీసా వైపు చూశాడు, ఆవిడ ముఖం వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. యాత్రికుల భాషలో కాదు, ఊరి భాషలో, ముగ్గురు ముసలాళ్ల వైపు తిరిగి చెప్పాడు. "తొంభై ఎనిమిదిలో ఈ కొట్టును జావెల్‌తో కడిగింది నేను. సొలాంజ్ కాదు. పేరు ఆమెది పోయింది. పని నాది." ఇదేదో ఇక్కడి పాత ఆచారంలో భాగమనుకుని యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఎంత అందంగా ఉంది ఈ భాష అంది.

అయిపోయింది. ఇన్నేళ్లు వండుకుంటూ గిన్నెలు కడుక్కుంటూ విన్న వాక్యం గాల్లోకి వచ్చేసింది. ఫెర్నాన్ కళ్లు ఎప్పుడు పెద్దవవుతాయా అని చూసింది సొలాంజ్. అవలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, చల్లారిన కాఫీ గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"తెలిసిందేగా అమోరీ బాబూ. ఇప్పుడెందుకు అవన్నీ."

"ఎవరికి తెలుసు?" అంది సొలాంజ్.

"అందరికీ తెలుసమ్మాయ్. ఆ పొద్దున నీ వెనకే వచ్చాం కదా, ముక్కులున్నవాళ్లమేగా. మెట్ల కింద బాబు బూట్లున్నాయి, అంచులు తెల్లగా తినేసి ఉన్నాయి. మీ నాన్నే ముందు పట్టాడు, ఎత్తి వాసన చూసి మా అందరికీ చూపించాడు. కొడుకు సంగతి తెలిస్తే పెద్దాయన కొట్టు అమ్మేస్తాడు, పదకొండు కుటుంబాలు రోడ్డున పడతాయి, మాట మా పిల్ల మీదికి వచ్చినా అది వయసులో ఉంది, ఎక్కడైనా బతుకుతుంది అన్నాడు. నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నాం." ఆవిడ ముఖం చూసి అంగీ మెడ సర్దుకున్నాడు. "నీకు చెప్పే ఉంటాడనుకున్నాం. నీ మేలుకోరే మనిషి కదా."

సీసా చేతిలో ఉంది. అందరూ చూస్తున్నారు. సొలాంజ్ సీసా తర్వాత సీసా పోసింది, ఒక్కో గ్లాసులో మూడు వేళ్లు, చుక్క బల్ల మీద పడకుండా, నలభై గ్లాసులూ, ముగ్గురు పెద్దలవీ, అమోరీది కూడా. అమోరీ ఆవిడ సైగ కోసం చూస్తుంటే బాగుందన్నట్టు తల ఊపింది, వాడు వయొలెట్లు, దేవదారు అన్నాడు, నిజంగానే వయొలెట్లు ఉన్నాయి అందులో. వాడి మీద కోపం వెతుక్కుంది, చేతికి అందలేదు, పిరికివాడు పిరికిగా ఉన్నాడు, అంతకన్నా వాడి దగ్గర ఏముంది. నువ్వు పోశావా. బూట్లు ఎత్తి వాసన చూసిన మనిషి అడిగాడు ఆ మాట. తొమ్మిది నెలల ముందే తెలిసిన జవాబు కోసం పదకొండు మందిలో నిలబెట్టి అడిగాడు, పెద్దాయన సందేహపడుతున్నాడని చూసి, సరిగ్గా చూసుకుని అడిగాడు. అది ప్రశ్న కాదు, తొయ్యడం. ఆ తర్వాత నాలుగేళ్ల ఆదివారాలు తన చేతి చారు తిన్నాడు, బాగుందన్నాడు. నమ్మకుండా పోయాడని ఏడ్చింది ఎవరి కోసం. నమ్మకేం, అందరికన్నా ముందు నమ్మింది ఆయనే.

ఒంటిగంటన్నరకు గుంపు వెళ్లిపోయింది. గ్లాసులు నదేజ్‌కి వదిలేసి, ఏప్రాన్‌తోనే సందు దాటి పూలకొట్టుకి వెళ్లింది. సమాధుల పండగ శనివారం, కాలిబాటంతా చామంతి కుండీలే, పసుపువి, ఊదావి, సొలాంజ్ పేరు రాసిన చీటీ గుచ్చిన పెద్ద తెల్ల చామంతి కుండీ కూడా ఉంది, ఏటా అదే, నాన్నకు తెల్లవే ఇష్టమని. ఆ రోజు ఊరు ఊరంతా శ్మశానానికి వస్తుంది, ఎవరి సమాధి మీద ఎన్ని కుండీలున్నాయో ప్రతి ముసలమ్మా లెక్కేసి వెళ్తుంది. పూలకొట్టావిడ కుండీ ఎత్తబోతే వద్దంది. రంగు నచ్చలేదా, పసుపుది ఇవ్వనా అని అడిగింది ఆవిడ.

"ఏ రంగూ వద్దు. ఇంకెవరికైనా అమ్మెయ్యండి."

"మరి మీ నాన్నగారికి?"

"ఏమీ వద్దు" అంది సొలాంజ్. శనివారం తను వెళ్తుంది, పెందలాడే వెళ్లి ఎదుటి బెంచీ మీద కూర్చుంటుంది, సాయంత్రం దాకా కూర్చుంటుంది. ఆ వరసంతా పూలతో నిండిపోతుంది, మధ్యలో గాస్తోన్ లారియు రాయి ఒక్కటే బోసిగా ఉంటుంది, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆగి, అయ్యో ఈయనకు ఎవరూ లేరా అంటారు. ఎవరైనా తన వైపు తిరిగి అడిగితే, తెలియదని చెప్తుంది.